బిల్లు ఎంతకు రాయమంటారు?

అబ్రా దిగి, బట్టల బజారు సందుల్లోంచి బయటపడితే అల్ ఫహీదీ వీధి తగులుతుంది. దేరా గట్టు నుంచి బర్ దుబాయ్ గట్టుకు ఆ చెక్క పడవలో ఒక్క దిర్హామ్ తీసుకుంటారు. దుబాయ్‌లో అంత చవకైన సరదా నాకింకోటి కనబడలేదు. 2024 డిసెంబరు సాయంత్రం, చల్లటి గాలి. వీధికి రెండువైపులా అద్దాల వెనక కెమెరాలు, ల్యాప్‌టాప్‌లు, వాచీలు, ఫోన్లు, వాటి పక్కనే ఇస్త్రీపెట్టెలు, గడ్డం గీసుకునే మిషన్లు. గుమ్మాల్లో నిలబడ్డ కుర్రాళ్ళు మన మొహం చూసి భాష మారుస్తారు. నన్ను చూసి ఒకడు హిందీలో మొదలెట్టి, మేనల్లుడితో నా మాటలు విని, "రండి గారూ" అన్నాడు. అతనిది కాసరగోడు. తెలుగు ఎక్కడ నేర్చావంటే, కొనేవాళ్ళ దగ్గరే అన్నాడు.

మా మేనల్లుడు కరామాలో ఉంటాడు, ఒక కంపెనీలో అకౌంట్లు చూస్తాడు. "మామయ్యా, మొదటి కొట్లో కొనకు. మూడు కొట్లు తిరిగి మొదటి దానికే రా" అన్నది వాడి సిద్ధాంతం. నా కన్ను ఒక కెమెరా మీద ఉంది. ధర 4,000 దిర్హామ్‌లు. దిర్హామ్‌కు 23 రూపాయల చొప్పున వేసుకుంటే 92 వేలు. మేనల్లుడు ఫోనులో లెక్క తీశాడు. ఊరికి తెచ్చుకునే కొత్త వస్తువుల్లో అప్పటికి 50 వేల వరకు సుంకం లేదు, ఆ పైన ఉన్న 42 వేల మీద నూటికి 38.5 చొప్పున 16,170. వెరసి లక్షా ఎనిమిది వేలు దాటింది. ఆ డబ్బుకు ఇంటి దగ్గరే గ్యారంటీ కాగితంతో సహా దొరుకుతుంది. కెమెరా అక్కడే పెట్టేసి ఒక లెన్సు చూశాను. 2,100 దిర్హామ్‌లు, అంటే 48,300 రూపాయలు. గీతకు ఇవతలే ఉంది. తీసుకున్నాను. నా ముచ్చట ఏమిటన్నది నేను తేల్చుకోలేదు, ఢిల్లీలో ఎవరో రాసిపెట్టిన ఆ 50 వేల అంకె తేల్చింది.

డబ్బు ఇవ్వబోతుంటే కొట్టతను గొంతు తగ్గించి అడిగాడు: "బిల్లు ఎంతకు రాయమంటారు?"

ఆ వీధిలో ఇది మర్యాద ప్రశ్న, మంచినీళ్ళు కావాలా అన్నట్టే అడుగుతారు. కస్టమ్స్ వాళ్ళకు చూపించడానికి తక్కువకు రాయించుకుపోయేవాళ్ళు బోలెడంతమంది. మేనల్లుడు నవ్వాడు. "తక్కువకు రాయించుకుంటే ఇక్కడ వ్యాట్ వాపసు తగ్గిపోతుంది. ఎక్కువకు రాయించుకుంటే అక్కడ సుంకం పెరుగుతుంది. ఉన్నదే రాయి భాయ్." ఒకే కాగితం, చూసే ప్రభుత్వాలు రెండు. ఒకరికి అంకె పెద్దదైతే మనకు లాభం, ఇంకొకరికి చిన్నదైతే లాభం. పైగా మన అధికారికి బిల్లు ఒక్కటే దిక్కు కాదు. అంకె అనుమానంగా ఉంటే అదే మోడల్ ధర ఇంటర్నెట్‌లో చూసి తనే విలువ కడతాడు. దొంగ బిల్లు పట్టుబడితే వస్తువు జప్తు కావచ్చు, విడిపించుకోవాలంటే సుంకం మీద జరిమానా కూడా కట్టుకోవాలి.

సుంకం లేని ఊరని పేరున్న దుబాయ్‌లోనూ 2018 జనవరి 1 నుంచి 5 శాతం వ్యాట్ ఉంది. అదే ఏడాది నవంబరులో పర్యాటకులకు దాన్ని వెనక్కివ్వడం మొదలుపెట్టారు. బిల్లు కనీసం 250 దిర్హామ్‌లు ఉండాలి, 90 రోజుల్లో వస్తువు దేశం దాటాలి. నా 2,100లో వ్యాట్ సరిగ్గా 100. అందులో కొంత శాతం కోసుకుని, బిల్లుకు 4.80 దిర్హామ్‌ల రుసుము కూడా తీసేసి మిగతాది ఇస్తారు. నా వాటాకు 80 చిల్లర వచ్చింది.

"పాస్‌పోర్టు తియ్యి మామయ్యా, నా పేరు మీద కొంటే ఆ వంద పోయినట్టే" అన్నాడు మేనల్లుడు. ఈ వాపసు అక్కడ నివాసం ఉన్నవాళ్ళకు లేదు. వారం రోజులు తిరిగి పోయే నాకు ఉంది. ఏళ్ళ తరబడి అక్కడ ఎండలో ఇనుప కడ్డీలు మోసేవాడికి లేదు. వాపసన్నది ఎగుమతి లాంటిది, స్థానికుడికి ఎలా ఇస్తారని మేనల్లుడు అకౌంటెంటు గొంతుతో చెప్పాడు. న్యాయమే కావచ్చు. నాకు మాత్రం గొంతు దిగలేదు.

ఆ వీధిలో ఇంకా నోరూరించేవి ఉన్నాయి. అరచేతిలో పట్టే డ్రోన్ ఒకటి చూసి ఆగాను. విదేశీ డ్రోన్ల దిగుమతిని మన దేశం 2022 ఫిబ్రవరిలో నిషేధించింది. సుంకం కడతానన్నా ఇంటికి రాదు. 2019 నుంచి ఈ-సిగరెట్లదీ అదే సంగతి. కొట్టువాడు ఇవేవీ చెప్పడు, చెప్పాల్సిన పనీ అతనికి లేదు.

నా పాత కెమెరా సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. ఊరి నుంచి ఖరీదైన వస్తువు పట్టుకుపోయేవాళ్ళు అది ఇక్కడిదేనని వెళ్ళేటప్పుడే కస్టమ్స్ వాళ్ళ దగ్గర కాగితం రాయించుకోవచ్చు. ఎగుమతి సర్టిఫికెట్ అంటారు. లేకపోతే తిరిగొచ్చాక అది కొత్తదా పాతదా అన్న వాదన మన నెత్తిన పడుతుంది. శంషాబాద్‌లో బయల్దేరే రోజు నేను రాయించుకున్నాను. కెమెరా అడుగున, బ్యాటరీ మూత పక్కన, చీమ తలకాయంత అక్షరాల్లో సీరియల్ నంబరు ఉంటుంది. అధికారి కళ్ళజోడు పైకి నెట్టి, కెమెరాని దీపం కింద వాల్చి, ఒక్కో అంకె పైకి చదువుతూ రాసుకున్నాడు. 8 అనుకున్నది 3 అని తేలి కొట్టేసి పక్కన సంతకం పెట్టాడు. ఆ కొట్టివేత మీద కూడా ముద్ర వేశాడు. అంత శ్రద్ధగా నా కెమెరాని నేనెప్పుడూ చూసుకోలేదు.

తిరుగు ప్రయాణం రోజు, వ్యాట్ కౌంటరు దగ్గర పని ముగించుకుని బోర్డింగ్ పాసు వరుసలో నిలబడ్డాను. ఈ వరుస క్రమం ముఖ్యం. ముందు వస్తువు చూపించాలి, తర్వాతే పెట్టె అప్పగించాలి. పెట్టె బెల్టు మీద పోయాక గుర్తొస్తే ఎనభై దిర్హామ్‌లకు నీళ్ళొదులుకోవడమే. హైదరాబాద్ విమానం వరుసని ఎవరూ చూపించనక్కర్లేదు. నైలాను తాడుతో నిలువూ అడ్డం బిగించిన అట్టపెట్టెలు, వాటి మీద నల్ల మార్కరుతో తెలుగులోనూ ఇంగ్లీషులోనూ ఊళ్ళ పేర్లు: జగిత్యాల, మెట్‌పల్లి, సిరిసిల్ల, ఆర్మూరు. ఎక్కువ బరువు తేలితే అక్కడే నేల మీద తాడు విప్పి, పాలపొడి డబ్బా ఒకటి తీసి పక్కవాడి పెట్టెలో పెట్టి మళ్ళీ బిగిస్తారు. చేతులు ఎంత వేగంగా ఆడతాయో!

నా ముందున్నతని పక్కన 43 అంగుళాల టీవీ పెట్టె ఉంది. వయసు ముప్పయ్యయిదు ఉండొచ్చు. పెట్టె మూలలకు థర్మకోలు ముక్కలు కట్టి, పైన దుప్పటి చుట్టి, దాని మీద టేపు వేశాడు. "పగులుతదేమోనని కట్టిన అన్నా" అన్నాడు నా చూపు చూసి. నాలుగేళ్ళకు ఇంటికి పోతున్నాడు, ఇల్లు కట్టుకున్నాడు, గృహప్రవేశం. టీవీకి 800 దిర్హామ్‌లు అయింది. విమానంలో పక్క పక్క సీట్లు కాకపోయినా నీళ్ళ కోసం వెనక్కి వెళ్ళినప్పుడు పలకరించాడు. "టీవీకి ట్యాక్స్ పడతదంటున్నరు, నిజమేనా? యాభై వేల దాక మాఫీ అని మా క్యాంపుల చెప్పిండ్రు."

క్యాంపులో చెప్పినది సగం నిజం. 2016 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకొచ్చిన బ్యాగేజీ నిబంధనల ప్రకారం, విమానంలో వచ్చే మనవాళ్ళకు అప్పట్లో 50 వేల వరకు మాఫీ. నేపాల్, భూటాన్, మయన్మార్ నుంచి వస్తే 15 వేలే. పద్దెనిమిదేళ్ళు నిండిన ప్రయాణికుడు ఒక ల్యాప్‌టాప్ విడిగా తెచ్చుకోవచ్చు, అది లెక్కలోకి రాదు. వాడిన సొంత సామానుకూ సుంకం లేదు. కానీ ఆ నిబంధనల వెనకాల ఒక పట్టిక ఉంది. ఈ మాఫీ వర్తించని వస్తువుల పట్టిక. తుపాకులు, తూటాలు, నూరు మించిన సిగరెట్లు, రెండు లీటర్లు మించిన మద్యం, నగలు కాని బంగారం, వెండి. వాటి సరసన కూర్చుంది మన పలక టీవీ.

అది ఎప్పుడు, ఎందుకు కూర్చుందో తెలిస్తే ఆశ్చర్యంగా ఉంటుంది. 2013 వేసవికల్లా రూపాయి జారడం మొదలైంది. ఆగస్టు నెలాఖరుకు డాలరు 68 రూపాయలు దాటింది. విదేశీ మారకం బయటికి పోకుండా ప్రభుత్వం ఎక్కడ వీలైతే అక్కడ కట్ట వేసింది. బంగారం మీద సుంకం పది శాతానికి పెంచారు. అప్పట్లో బ్యాంకాక్, దుబాయ్ వెళ్ళొచ్చే ప్రతి రెండో కుటుంబం చేతిలో ఒక టీవీ కనబడేది, ఎందుకంటే 35 వేల మాఫీలో అది ఇమిడిపోయేది. 2013 ఆగస్టు 26 నుంచి ఆ మాఫీ టీవీకి తీసేశారు. రూపాయి గండం గడిచింది, ప్రభుత్వం మారింది, 2016లో నిబంధనలు మొత్తం తిరగరాశారు. టీవీ మాత్రం తూటాల పక్కనే ఉండిపోయింది. అప్పుడప్పుడూ ఇలాంటివి జరుగుతుంటాయి. వానకు వేసిన పందిరి ఎండాకాలంలో కూడా ఎవరూ విప్పరు, దానికింద ఎవరో ఒకరు కాపురం పెట్టేసి ఉంటారు. ఇక్కడ కాపురం పెట్టింది దేశవాళీ తయారీ.

ఆ తయారీని తక్కువ చేయడం లేదు. శంషాబాద్ నుంచి ఔటర్ రింగు మీద విజయవాడ వైపు తిరిగితే దారిలో కొంగరకలాన్ వస్తుంది. అక్కడ ఫాక్స్‌కాన్ కర్మాగారంలో ఇప్పుడు ఆపిల్ చెవి పరికరాలు, ఎయిర్‌పాడ్లు, తయారవుతున్నాయి, అవి ఎగుమతికి పోతాయి. ఫోన్ల మీద దిగుమతి సుంకం 20 శాతానికి పెంచి, మళ్ళీ 2024 జులై బడ్జెట్లో 15కు తగ్గించారు. కొట్ల వాళ్ళు కంటెయినర్లలో తెప్పించుకునే సరుకు లెక్క అది. మన చేతి సంచీలో వచ్చేదానికి ఆ తగ్గింపు రాదు. గీత దాటితే మామూలు వస్తువులన్నిటికీ బ్యాగేజీ రేటొకటే: 35 శాతం మూల సుంకం, ఆ సుంకం మీద పదో వంతు సర్‌చార్జి, వెరసి 38.5. అందుకే దుబాయ్‌లో ఫోను కొనడం ఒకప్పటంత లాభం కాదు.

మాఫీ అంకె పెరిగిన తీరూ తమాషాగానే ఉంటుంది. 2012లో 25 వేల నుంచి 35 వేలు, 2014లో 45, 2016లో 50. ఆపైన పదేళ్ళు కదల్లేదు. ఆ పదేళ్ళలో మంచి ఫోను ధర ఒక్కటే యాభై వేలు దాటిపోయింది. 2026 ఫిబ్రవరిలో వచ్చిన కొత్త నిబంధనల్లో 75 వేలకు పెంచారు. ఈ రాతలోని మిగతా లెక్కలన్నీ నేను దిగిన నాటివి.

ఈ బాధంతా కొత్తదేమీ కాదు. మా ఊళ్ళో మొట్టమొదట గల్ఫు వెళ్ళొచ్చినాయన నేషనల్ పానాసోనిక్ టూ-ఇన్-వన్ తెచ్చాడు. పాట వచ్చినప్పుడల్లా లేచిపడే ఎర్ర దీపాల వరస ఒకటి ఉండేది దానికి. ప్లాస్టిక్ కవరు ఊడదీయకుండానే, పైన అల్లిక గుడ్డ కప్పి, ఆదివారం పూట మాత్రం గుడ్డ పైకెత్తేవారు. పాట వినడానికి వచ్చినవాళ్ళు ముందు దాన్ని ముట్టుకుని చూసేవాళ్ళు. అప్పట్లో బొంబాయిలో దిగి, అక్కడ కస్టమ్స్ గండం దాటి, బస్సెక్కి ఇంటికి రావాలి. ఎంత కట్టాడో చెప్పడం కూడా గొప్పే. "దీనికి ఇంత, డ్యూటీ ఇంత" అని రెండు అంకెలూ కలిపే చెప్పేవాడాయన. టీవీ పెట్టెకు థర్మకోలు కట్టిన ఈ తమ్ముడికీ ఆయనకీ మధ్య నలభై ఏళ్ళున్నాయి. ఇప్పుడు అదే టీవీ జగిత్యాలలో వాయిదాల మీద దొరుకుతుంది. మరి ఎందుకు మోసుకొస్తున్నావని అడిగాను. "ఇంటికాడ కొంటే అందరు కొన్నదే కదన్నా" అన్నాడు.

తెల్లవారుజామున శంషాబాద్‌లో దిగాం. బెల్టు చుట్టూ అట్టపెట్టెల కోసం జనం మూగారు. టీవీ పెట్టె మామూలు బెల్టు మీద రాలేదు, పెద్ద సామాను వచ్చే పక్క ద్వారంలోంచి ఒకతను నెట్టుకొచ్చాడు. థర్మకోలు ఒక మూల ఊడింది, లోపల అద్దం మాత్రం క్షేమం. బయటికి పోయేచోట పచ్చ బోర్డు, ఎర్ర బోర్డు. చెప్పడానికి ఏమీ లేనివాళ్ళకు పచ్చది, ఉన్నవాళ్ళకు ఎర్రది. టీవీ పట్టుకుని పచ్చ దారిలో నడిస్తే చెప్పకుండా దాచినట్టే లెక్క. అతను నా మోచెయ్యి పట్టుకుని, "అన్నా, జర గీ ఫారం నింపుతవా" అన్నాడు. నా లెన్సు 50 వేల లోపే కాబట్టి నేను పచ్చగా పోవచ్చు. అయినా అతనితో ఎర్ర కౌంటరుకే వెళ్ళాను.

కౌంటరు వెనకున్నాయన సౌమ్యుడే. ముందు నా కెమెరా కాగితం తిప్పి చూసి, సీరియల్ నంబరు సరిచూసి, లెన్సు బిల్లు చదివి, పొమ్మన్నాడు. తర్వాత టీవీ బిల్లు. 800 దిర్హామ్‌లు, 18,400 రూపాయలు. అందులో 35 శాతం 6,440, దాని మీద పదో వంతు 644. మొత్తం 7,084.

"మిగతా సామాను ఇరవై వేలు కూడ కాదు సార్" అన్నాడు తమ్ముడు. భార్యకు ఫోను, పిల్లలకు చాక్లెట్లు, పాలపొడి, అత్తరు సీసాలు, అమ్మకు టైగర్ బామ్. "ఇంక ముప్పై వేలు మాఫీ మిగిలింది కదా, గది టీవీకి కలుపుండ్రి."

కలపడానికి లేదు. ఆ మాఫీ టీవీని ముట్టుకోదు. పక్కన నిల్చున్న నా మాఫీలో మిగిలిన పదిహేడు వందలూ అతనికివ్వడానికి లేదు. ఎవరిది వాళ్ళదే, భార్యాభర్తలైనా సరే. దుబాయ్‌లో ఆ టీవీ మీద కట్టిన వ్యాట్ 38 దిర్హామ్‌ల పైచిలుకు, నివాస వీసా ఉన్నందుకు అదీ వెనక్కి రాలేదు. నాకు అక్కడ వాపసు, ఇక్కడ మాఫీ. రెండు దేశాల్లోనూ పన్ను కట్టినవాడు నాకంటే తక్కువ సంపాదించేవాడు. ఇందులో ఏ అధికారి తప్పూ లేదు, రాసిన పద్ధతిలోనే ఉంది ఈ వంకర. సరదాకు తిరిగేవాణ్ణి కొనుగోలుదారుగా చూసి మర్యాద చేస్తారు. కూలికి పోయొచ్చేవాడు ఏ లెక్కకూ సరిపోడు.

కార్డు గీకి డబ్బు కట్టాడు. టీవీ వెల మొత్తం పాతికవేల చిల్లర, అంటే ఇంచుమించు ఇక్కడి కొట్లో ధర. రసీదు రాస్తున్న అధికారి, అతని మొహం చూసి కాబోలు, ఒక మాట చెప్పాడు. రెండేళ్ళకు పైగా బయట ఉండి, మధ్యలో సెలవులన్నీ కలిపి ఆర్నెల్లు మించకుండా ఉండి, ఇంక పూర్తిగా వచ్చేస్తే అప్పుడు వేరే సౌకర్యం ఉందట. ఐదు లక్షల దాకా ఇంటి సామాను సుంకం లేకుండా తెచ్చుకోవచ్చట. ఆ జాబితా నేనూ చదివాను. మూడు వందల లీటర్లు దాటిన ఫ్రిజ్జు ఉంది, గిన్నెలు తోమే యంత్రం ఉంది, డీప్ ఫ్రీజరు ఉంది, 35 మిల్లీమీటర్ల సినిమా రీళ్ళు కూడా ఉన్నాయి. కలర్ టీవీ కూడా ఉంది, అయితే పలక టీవీ తూటాల పట్టికలో ఉండిపోయింది కాబట్టి, అది వెనకాల గూడున్న పాత గాజు బుడ్డి టీవీ అయ్యుండాలి.

తమ్ముడు శ్రద్ధగా విన్నాడు. "అంటే సార్, అప్పుడు కూడ గీ టీవీకి మాఫీ లేదు?"

"లేదు."

"ఫ్రిజ్జుకు ఉన్నది?"

"ఉంది."

రసీదు నాలుగు మడతలు పెట్టి చొక్కా జేబులో వేసుకున్నాడు. ట్రాలీ తోసుకుంటూ నాలుగడుగులు నడిచి నా వైపు తిరిగాడు.

"ఫ్రిజ్జును విమానంల ఎట్ల తెస్తరన్నా?"